మీకు తెలుసా? గదిలో తిరిగింది ఏ పిల్లి?

గది మరీ ఇరుకైతే మనం ‘కాలు పెట్టే సందు లేదు’ అంటాం. ఇంగ్లీషువాళ్లు ‘నో రూమ్ టు స్వింగ్ ఎ క్యాట్’ అంటారు. పిల్లిని పట్టుకుని గిరగిరా తిప్పేంత చోటైనా లేదని అర్థం. పాపం, గది కొలతల మధ్యలోకి పిల్లి ఎందుకొచ్చినట్టు?

చాలామంది చెప్పే కథ ప్రకారం ఇది పిల్లి కాదు, కొరడా. బ్రిటిష్ నౌకాదళంలో తప్పు చేసిన నావికుడి వీపు మీద తొమ్మిది తాళ్ల కొరడా ఆడేది. దాని పేరు ‘క్యాట్ ఓ నైన్ టెయిల్స్’, అంటే తొమ్మిది తోకల పిల్లి. ఓడ లోపల కప్పు తలకు తగిలేంత కిందికి ఉంటుంది. అక్కడ చెయ్యెత్తి కొరడా ఝళిపించడం కుదరదు కాబట్టి పైకి, డెక్ మీదికి తీసుకొచ్చి అందరి ఎదుటా కొట్టేవారట. మాట అక్కడే పుట్టిందంటారు.

కథ చక్కగా అతికింది. తేదీలే అతకవు. లండన్‌ను మహా ప్లేగు ఊడ్చేసిన 1665లో రిచర్డ్ కెఫేల్ అనే ఆయన ఆ జబ్బు మీదే ఒక పుస్తకం వేశాడు. పిల్లిని తిప్పే మాట అందులో ఉంది. అదీ జనం నోట నలిగిన సామెత అని చెప్పి మరీ వాడాడు. అంటే అప్పటికే పాతదన్నమాట! కొరడా పేరును బాగా ప్రచారంలోకి తెచ్చిన విలియం కాంగ్రీవ్ నాటకం ‘లవ్ ఫర్ లవ్’ 1695 నాటిది. అంతకుముందే నావికులు ఆ పేరు వాడి ఉండొచ్చు, కాదనలేం. అయినా నాకు కొరడా కథ మీద గురి కుదరదు. 1771లో వచ్చిన ‘హంఫ్రీ క్లింకర్’ నవలలో టొబయాస్ స్మాలెట్ ఇదే మాట వాడాడు. యౌవనంలో యుద్ధనౌక మీద వైద్యుడికి సహాయకుడిగా పనిచేసిన ఆయనకు కొరడా దెబ్బలు తెలియనివి కావు. కానీ ఆ మాట అనిపించింది నావికుడి చేత కాదు, లండన్ అద్దె గదుల మీద విసుక్కునే ఓ పెద్దమనిషి చేత.

మరి నిజం పిల్లేనా? కావచ్చు. మూగజీవాల్ని హింసించి వినోదించిన కాలం అది. షేక్‌స్పియర్ ‘మచ్ అడో అబౌట్ నథింగ్’లో బెనడిక్, మాట తప్పితే తనను పిల్లిలా వేలాడదీసి గురిచూసి కొట్టమంటాడు. తిప్పే ఆట ఉండేదని దీంతో తేలదు గానీ, పిల్లి గతి ఏమిటో తెలుస్తుంది.

ఈ జాతీయానికి అందమైన జవాబు డికెన్స్ ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’లో దొరుకుతుంది. మిస్టర్ డిక్‌కు కుదిరిన గదిలో పిల్లిని తిప్పే చోటైనా లేదని మిసెస్ క్రప్ ఈసడిస్తుంది. ఆయన మంచం అంచున కూర్చుని, కాలు నిమురుకుంటూ, తనకసలు పిల్లిని తిప్పే అలవాటే లేదనీ, అలాంటప్పుడు చోటు లేకపోతే తనకొచ్చిన నష్టమేమిటనీ అడుగుతాడు.