గాజుతొట్టిలో నాచు - నత్తల సాయము

ఇంట సముద్రపు నీటి గాజుతొట్టి నుంచుకొనువారిని ముందుగా బాధించునది నాచు. మితిమీరిన వెలుతురు, మిగిలిన మేత నుండి పుట్టు నైట్రేటు, ఫాస్ఫేటు దానికి ఎరువు. వీనిని తగ్గింపక నత్తలనే నమ్ముట తగదని మా మనవి.

ఏ నత్తను ఎన్నుకొనవలెను? నెల్లూరు సీమకు దక్షిణపు అంచున ఉన్న పులికాటు సరస్సు బురదపై పొడవైన మొనగుల్లల సెరిథిడియా నత్తలు విస్తారముగా గలవు. అవి అడుగున పేరిన పాచిని తినును. రాతిని, గాజుపలకను శుభ్రపరచుటకు నెరిటా, చిన్న టర్బో జాతులు మేలు. నెరిటా అలల అంచున బ్రతుకునది. నీరు వీడి పైకి ప్రాకును గనుక తొట్టికి మూత ఉండవలెను.

తీరమున దొరికిన గుల్లనెల్ల చేతబట్టరాదు. కోన్ నత్త విషపు ముల్లు గ్రుచ్చును. కొన్ని జాతుల విషము మనుష్యుని ప్రాణమే తీయును. ట్రోకస్ నిలోటికస్ నత్తకును, రాతి పగడములకును 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణ గలదు. వానిని సముద్రము నుండి సేకరింపరాదు. కనుక పగడములు లేని రాతితొట్టియే మనకు తగినది.

రాగి కలిసిన చేపల మందు నత్తలకు మృత్యువు. కొత్తనీటికి మెల్లగా అలవాటు చేసి, కొలదిగా విడువవలెను. నాచుకు మించిన నత్తలు ఆకలికి చచ్చి, నీటిని మరింత చెరచును.