జీడిపప్పు డబ్బాలో శూన్యం: వాక్యూం పంపును సరిగా వాడుకోవడం ఎలా?

పలాస పేరు చెప్పగానే ఎవరికైనా ముందుగా గుర్తొచ్చేది జీడిపప్పు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి ప్రాంతాల ఇసుక నేలల్లో కొబ్బరి, పనసల సరసన పండిన జీడిపిక్కలు పలాస-కాశీబుగ్గ చేరతాయి. అక్కడ ఉడికి, పగిలి, పొట్టు వదిలి, తెల్లని పప్పుగా డబ్బాలకెక్కి దేశం నలుమూలలకూ పోతాయి. ఇంతవరకు మనకందరికీ తెలిసిందే. కాని డబ్బాకు మూత బిగించే ముందు జరిగే ఒక చిన్న పనిని మనం అంతగా పట్టించుకోం. అదే డబ్బాలోని గాలిని తీసివేయడం. ఆ పని చేసే యంత్రం పేరు వాక్యూం పంపు. మనం తరగతిలో బట్టీపట్టి పరీక్షలో రాసి వదిలేసే వాయు పీడనం, బాష్ప పీడనం పాఠాలన్నీ ఆ యంత్రం దగ్గర నిలబడితే కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి.

నేను బి.ఎస్సీ. చదువుతున్న రైతుబిడ్డను. మాది ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల మీద బతికే కుటుంబం. మా ఇంట్లో జీడి లెక్కంతా 80 కిలోల బస్తాతోనే. బస్తాకు ఏం ధర పలికిందన్నదాన్ని బట్టి ఆ ఏడు ఇంటి ఖర్చులు, నా చదువు ఖర్చులు నడుస్తాయి. ఆ ధరకూ పప్పు నిల్వకూ సంబంధం ఉంది గనుక ఈ విషయం మీద రాయాలనిపించింది.

గాలి ఎందుకు తీయాలి?

జీడిపప్పు బరువులో దాదాపు సగం కొవ్వే. అందులో ఎక్కువ భాగం అసంతృప్త కొవ్వు. ఆక్సిజన్ తగిలితే అది నెమ్మదిగా ఆక్సీకరణం చెంది పప్పు ముక్కిపోతుంది. పైగా ఆక్సిజన్ ఉన్నచోట పురుగు కూడా బతుకుతుంది. అందుకే డబ్బాలోని గాలిని తీసి, దాని స్థానంలో కార్బన్ డయాక్సైడునో నైట్రోజన్‌నో నింపి మూసేస్తారు. ఎగుమతికి వాడే పాత పద్ధతి డబ్బాలో 25 పౌండ్లు, అంటే 11.34 కిలోల పప్పు పడుతుంది. కార్బన్ డయాక్సైడు కొంత పప్పులోని కొవ్వులో కరుగుతుంది. అందువల్ల కొన్నాళ్లకు డబ్బా పక్కలు కొంచెం లోపలికి లాక్కున్నట్టు కనిపిస్తాయి. అది సీలు బాగుందనడానికి గుర్తు. ఉబ్బిన డబ్బాను మాత్రం అనుమానించాలి.

పంపు గాలిని 'పీలుస్తుంది' అని మనం వాడుకగా అంటాం. నిజానికి అది చేసేది తన గదిలో ఖాళీ జాగా కల్పించడమే. డబ్బాలోని గాలి తన పీడనంతో తానే ఆ ఖాళీలోకి వస్తుంది, పంపు దాన్ని బయటకు నెట్టేస్తుంది. 17వ శతాబ్దంలో జర్మనీలోని మాగ్డెబర్గ్ నగరానికి చెందిన ఒటో ఫాన్ గెరికే రెండు లోహపు అర్ధగోళాలను కలిపి లోపలి గాలి తీసేస్తే గుర్రాల జట్లు కూడా వాటిని విడదీయలేకపోయాయని చదువుకున్నాం. వాటిని అదిమిపట్టింది బయటి గాలే. అదే గాలి మన డబ్బానూ అదుముతుంది. చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో చొప్పున లెక్క కడితే, పెద్ద జీడిపప్పు డబ్బా ఒక్కో పక్క మీద 800 కిలోలకు పైగా బరువు పడుతుంది. లోపల మాత్రమే గాలి తీస్తే డబ్బా చప్పిడైపోతుంది. అందుకే డబ్బాను ఒక గట్టి పెట్టెలో పెట్టి, లోపలా బయటా ఒకేసారి గాలి తీస్తారు.

ఎంత శూన్యం కావాలి?

ఎక్కువమంది 'ఎంత లోతుకు దిగితే అంత మంచిది' అనుకుంటారు. కొంచెం లెక్క వేసి చూద్దాం. మామూలు గాలి పీడనం సుమారు 1000 మిల్లీబార్లు. అందులో ఆక్సిజన్ 21 శాతం. పీడనాన్ని 100 మిల్లీబార్లకు దించి మంచి గ్యాసు నింపితే డబ్బాలో ఆక్సిజన్ 2.1 శాతం మిగులుతుంది. 50కి దించితే దాదాపు 1 శాతం. 10కి దించితే 0.2 శాతం. ఇప్పుడు ఇంకో దారి చూడండి. 100కి దించి గ్యాసు నింపి, మళ్లీ 100కి దించి గ్యాసు నింపితే? 21 శాతంలో పదోవంతు, దానిలో మళ్లీ పదోవంతు. అంటే 0.21 శాతం! గ్యాసు ఖర్చు పెరుగుతుంది, నిజమే. కాని పంపు లోతైన శూన్యం కోసం ఆయాసపడనక్కర లేదు. మన పనికి ఏ పీడనం చాలునో ముందు నిర్ణయించుకుని, ఆ పీడనం త్వరగా, ప్రతిసారీ ఒకేలా వచ్చేటట్టు చూసుకోవడమే పంపును బాగా వాడుకోవడం.

ఎంత త్వరగా వస్తుందో కూడా లెక్క కట్టొచ్చు. గంటకు 40 ఘనపు మీటర్ల పంపు అంటే సెకనుకు 11 లీటర్లు. 100 లీటర్ల పెట్టెను 1000 నుంచి 100 మిల్లీబార్లకు దించడానికి దానికి సుమారు 21 సెకన్లు పడుతుంది. డబ్బా చుట్టూ ఖాళీగా ఉన్న జాగాను నున్నటి, నీరు పీల్చని దిమ్మెలతో నింపి ఆ ఘనపరిమాణాన్ని 50 లీటర్లకు తగ్గిస్తే సమయం కూడా సగానికి సగం తగ్గుతుంది. పంపు మార్చలేదు, కరెంటు పెంచలేదు, పని మాత్రం రెట్టింపయింది.

గాలి వచ్చే దారి

పంపుకూ పెట్టెకూ మధ్య ఉండే గొట్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కాలువ ఇరుకైతే ఇంజను ఎంత పెద్దదైనా మడికి నీరు చాలదని రైతుకు ఒకరు చెప్పాలా? ఇదీ అంతే. గొట్టం వదలగల గాలి వేగం పంపు వేగంతో సమానంగా ఉంటే, పెట్టె దగ్గర దొరికే వేగం సగమే. 40 కొని 20 వాడుకున్నట్టు. ఈ పీడనాల దగ్గర నిదానంగా, సాఫీగా పారే గాలికి గొట్టం వ్యాసం సగమైతే ప్రవాహం పదహారో వంతుకు పడిపోతుంది. కనుక గొట్టం పొట్టిగా, లావుగా, వంకరలు లేకుండా ఉండాలి. పంపు మూతి సైజుకు తగ్గకూడదు. జీడిపప్పు నలుసు, పొట్టు దుమ్ము పంపులోకి పోకుండా ముందు ఒక ఫిల్టరు తప్పనిసరి. ఆ ఫిల్టరును శుభ్రం చేయకపోతే అదే ఇరుకు గొట్టమై కూర్చుంటుంది.

రెండోది లీకు. నేను చూడడానికి వెళ్లిన ఒక చిన్న కార్ఖానాలో ఆ రోజుల్లో పంపు సరిగా దిగడం లేదు. కొత్తది కొందామా అని యజమాని ఆలోచనలో ఉన్నారు. వయసు మళ్లిన మెకానిక్ ఒకాయన వచ్చి పంపు మూతి దగ్గరి వాల్వు కట్టేసి, పంపు వైపున్న గేజీ చూశాడు. ముల్లు చకచకా దిగింది. నా వైపు తిరిగి, "పంపుకేటీ అవలేదు బాబూ, గాలెక్కడో దూరతంది. ముందు అది సూడాల" అన్నాడు. చివరికి తేలిందేమంటే, పెట్టె మూత చుట్టూ ఉన్న రబ్బరు గట్టిపడి ఒక మూల పట్టు వదిలింది. రబ్బరు మార్చారు, పని జరిగిపోయింది.

ఆయన చేసిన పరీక్షనే ఇంకొంచెం ముందుకు తీసుకుపోవచ్చు. ఖాళీ పెట్టెను కావలసిన పీడనానికి దించి, వాల్వు కట్టేసి, గడియారం పట్టుకుని ప్రతి అర నిమిషానికీ గేజీ అంకె రాసుకోవాలి. పీడనం ఆగకుండా ఒకే వేగంతో పెరుగుతూ ఉంటే అది లీకు. ముందు త్వరగా పెరిగి తర్వాత నిదానించి ఒకచోట నిలబడితే అది లోపలి తడి. గ్రాఫు కాగితం మీద గీస్తే మొదటిది సరళరేఖ, రెండోది వంగిన రేఖ. మన ప్రయోగశాలలో గీసే గ్రాఫు ఇక్కడ ఒక యంత్రం ధరను మిగుల్చుతుంది.

నీటి ఆవిరి

మన సముద్రతీరంలో పంపుకు అసలు శత్రువు ఇదే. 30 డిగ్రీల దగ్గర నీటి సంతృప్త బాష్ప పీడనం 42 మిల్లీబార్లు. అంటే పీడనం 42 కంటే కిందికి దిగితే పెట్టెలోని తడి, 30 డిగ్రీల దగ్గరే మరగడం మొదలెడుతుంది. ఒక్క గ్రాము నీరు 10 మిల్లీబార్ల దగ్గర సుమారు 140 లీటర్ల ఆవిరి అవుతుంది. పప్పు సరిగా ఆరకపోయినా, పెట్టెను కడిగి తుడవకపోయినా పంపు గాలిని వదిలేసి ఈ ఆవిరిని మోస్తూ కూర్చుంటుంది. పప్పులో తేమ 5 శాతం దాటకూడదన్న నియమం నిల్వకు ఎంత అవసరమో పంపుకూ అంత అవసరం.

కష్టం అక్కడితో ఆగదు. ఇలాంటి ప్యాకింగుకు సాధారణంగా వాడేది నూనెతో నడిచే రోటరీ వేన్ పంపు. ఒక గుండ్రని గదిలో కేంద్రానికి పక్కగా తిరిగే రోటరు, దాని గాడుల్లో జారే రెక్కలు గాలిని పట్టి నొక్కి బయటకు పంపుతాయి. నూనె ఆ సందులను మూసి, వేడిని లాగుతుంది. గాలిని బయటకు నెట్టాలంటే బయటి పీడనం కంటే ఎక్కువగా నొక్కాలి. అలా నొక్కినప్పుడు అందులోని ఆవిరి నీరుగా మారుతుంది. పంపు 30 డిగ్రీల దగ్గర చల్లగా ఉంటే, నొక్కిన గాలిలో ఆవిరి 4 శాతం దాటగానే నీరు కారుతుంది. అదే పంపు 70 డిగ్రీలకు వేడెక్కితే 30 శాతం దాకా ఓర్చుకుంటుంది, ఎందుకంటే ఆ ఉష్ణోగ్రత దగ్గర బాష్ప పీడనం 312 మిల్లీబార్లు. పొద్దున్నే స్విచ్చి వేసి వెంటనే పని మొదలుపెట్టకూడదనడానికి కారణం ఇదే. మూతి కట్టేసి 20-30 నిమిషాలు తిప్పి వేడెక్కనివ్వాలి.

దీనికి జర్మన్ శాస్త్రజ్ఞుడు ఉల్ఫ్‌గాంగ్ గేడే 1935లో ఒక చక్కని ఉపాయం కనిపెట్టాడు. పేరు గ్యాస్ బల్లాస్ట్. నొక్కే సమయంలో కొంచెం పొడి గాలిని కావాలనే లోపలికి వదిలితే, ఆవిరి నీరుగా మారేలోపే బయటి వాల్వు తెరుచుకుని ఆవిరి ఆవిరిగానే వెళ్లిపోతుంది. దీనివల్ల పంపు చేరగల చివరి శూన్యం కొంచెం తగ్గుతుంది. కాని పైన లెక్క చూశాం గదా, మన డబ్బాకు అంత లోతు అక్కరలేదు. వానాకాలంలో ఆ చిన్న వాల్వును మూసేసి ఉంచడం పొదుపు కాదు. సాయంత్రం పని అయ్యాక కూడా అది తెరిచి కాసేపు తిప్పితే నూనెలోని తడి పోతుంది.

నీటి వలయం పంపు వాడేవారికి ఒక మాట. కేటలాగులో రాసిన శూన్యం సాధారణంగా 15 డిగ్రీల నీటికి. ఆ ఉష్ణోగ్రత దగ్గర బాష్ప పీడనం 17 మిల్లీబార్లే. మన ట్యాంకు నీరు 30 డిగ్రీలైతే ఆ పంపు 42 కంటే కిందికి దిగదు. పంపును తిట్టి లాభం లేదు, నీటిని చల్లబరచాలి.

నూనె, వేడి, కరెంటు

నూనె చూసే గాజు కన్ను పంపుకు నాడి లాంటిది. నూనె పాలలా తెల్లబడితే నీరు చేరినట్టు. నల్లబడితే మాడినట్టు. తయారీదారు చెప్పిన రకం నూనెనే, పంపు వేడిగా ఉన్నప్పుడు దించి మార్చాలి. బండి ఇంజను ఆయిలు పోస్తే దాని ఆవిరే శూన్యాన్ని చెడగొడుతుంది. పంపును గోడకు ఆనించి మూలన పెట్టకూడదు, చుట్టూ గాలి ఆడాలి. పొగ వచ్చే వైపు ఫిల్టరు మూసుకుపోతే మోటారు బరువెక్కి కరెంటు ఎక్కువ లాగుతుంది.

కరెంటు హఠాత్తుగా పోతే పెట్టెలోని శూన్యం పంపు నూనెను వెనక్కి లాగుతుంది. పప్పు మీద నూనె పడితే ఆ డబ్బా పోయినట్టే. అందుకు వెనక్కి రానివ్వని వాల్వు పని చేస్తోందో లేదో నెలకోసారైనా చూడాలి. ఇంకో ముఖ్య సంగతి: 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో తోటలతోపాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. లైన్లు తిరిగి కట్టిన తర్వాత త్రీ ఫేజు వరస తారుమారైతే మోటారు ఎదురు తిరుగుతుంది. పంపు వెనక్కి తిరిగితే నూనె పెట్టెలోకి పోతుంది, రెక్కలు దెబ్బతింటాయి. లైను పని జరిగిన ప్రతిసారీ ముందుగా పంపును ఒక్క క్షణం తిప్పి, బాణం గుర్తు వైపే తిరుగుతోందో లేదో చూసుకోవాలి.

మనకేమిటి సంబంధం?

తిత్లీలో పడిపోయిన జీడిచెట్టు స్థానంలో నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పట్టింది. అలా వచ్చిన పిక్కను బస్తాకెత్తితే, 80 కిలోలకు 16 వేల రూపాయలు ఇప్పించమని ఉద్దానం రైతులు ఇటీవలి సంవత్సరాలలో అడగాల్సి వచ్చింది. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చే పిక్కతో పోటీ ఒకవైపు. డబ్బాలో ముక్కిపోయి తిరిగొచ్చిన పప్పు నష్టం మరోవైపు. కార్ఖానాలో పోయిన ప్రతి రూపాయినీ చివరికి ఎక్కడో ఒకచోట సర్దాలి. అది పొట్టు ఒలిచే అక్కచెల్లెళ్ల కూలి మీదో, మా బస్తా ధర మీదో పడుతుంది. దిగుమతుల సంగతి మన చేతిలో లేదు. రబ్బరు పట్టు, గొట్టం లావు, నూనె రంగు మాత్రం మన చేతిలోనే ఉన్నాయి.

సోదర విద్యార్థులకు నాదొక మనవి. పలాస, టెక్కలి చుట్టుపక్కల మనలో చాలామంది ఇళ్లకు జీడితో ఏదో ఒక సంబంధం ఉంది. సెలవుల్లో ఊరెళ్లినప్పుడు తెలిసిన కార్ఖానా ఒకదానికి వెళ్లి, యజమాని అనుమతితో ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, పెట్టె కావలసిన పీడనానికి దిగడానికి పట్టిన సెకన్లు, వాల్వు కట్టాక పెరిగిన మిల్లీబార్లు, నూనె రంగు. ఈ నాలుగు గడులు చాలు. మూడు వారాలు రాస్తే పంపు ఎప్పుడు మొరాయించబోతోందో అది మొరాయించకముందే ఆ అంకెలు చెబుతాయి. మన అధ్యాపకులు కూడా ఇటువంటి కొలతలను ప్రాజెక్టు పనిగా ఇప్పిస్తే, వచ్చే ఏటి సంచికలో ఇంతకంటే మంచి వ్యాసం, మన లెక్కలతో, మన గ్రాఫులతో వెలువడుతుందని నా నమ్మకం.