పాత బెంచ్ వైసుకు విడిభాగాలు

బెంచ్ వైసులో అరిగేవి, విరిగేవి కొన్నే: పనిముక్కను కరిచిపట్టే రెండు జా ప్లేట్లు, కదిలే దవడను నడిపే స్పిండిల్, ఆ స్పిండిల్ తిరిగే బాక్స్ నట్, స్పిండిల్‌ను దవడకు పట్టి ఉంచే వాషరూ పిన్నూ, హ్యాండిల్. మిగిలినదంతా పోత ఇనుము. ఆ పోత పగలనంత కాలం వైసును తుక్కు కింద తూకానికి వేయడం తొందరపాటే. తయారుచేసిన కంపెనీ మూతపడినా, పేరే తెలియకపోయినా, ఈ భాగాల్లో చాలావాటిని ఊళ్లోని లేత్ షాపులో చేయించుకోవచ్చు.

ముందు తేల్చుకోవాల్సింది ఏది పోయిందన్నది. హ్యాండిల్‌ను వదులు చేస్తుంటే స్పిండిల్ ఒక్కటే బయటికి వచ్చి దవడ ఉన్నచోటే ఉండిపోతే, మర అరిగిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అప్పుడు పోయింది స్పిండిల్‌ను దవడకు బంధించే వాషరో, స్ప్లిట్ పిన్నో. హార్డ్‌వేర్ కొట్లో చిల్లర ఖర్చుతో అయిపోయే పని. మర అరుగుదల చూడాలంటే ముందు ఈ వాషర్ దగ్గరి సందును సరిచేసి, ఆ తర్వాత హ్యాండిల్‌ను రెండు వైపులా తిప్పి, దవడ కదలకుండా ఎంత ఖాళీగా తిరుగుతోందో గమనించాలి. పాత వైసుల్లో ఎక్కువగా ఉండే స్క్వేర్ థ్రెడ్‌లో పంటి మందం పిచ్‌లో (ఒక చుట్టుకు స్పిండిల్ జరిగే దూరంలో) సగం ఉంటుంది. అంటే పావు చుట్టు ఖాళీ తిరిగితే స్పిండిల్‌దీ నట్టుదీ కలిపి ఒక పంటి మందంలో సగం దాకా తరిగిపోయినట్టే. ఆ స్థితిలో గట్టిగా బిగించడం ప్రమాదం.

తర్వాత వైసు ఏ కంపెనీదో వెతకాలి. వైర్ బ్రష్‌తో మట్టి, పాత రంగు రాలగొడితే పోతలోనే ఉబ్బెత్తుగా ఉన్న పేరు, నంబరు బయటపడతాయి. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో సి. అండ్ జె. హాంప్టన్ కంపెనీ చేసిన రికార్డ్ వైసుల మీద ఉన్న నంబరే సైజు చెబుతుంది: 3వ నంబరుది 4 అంగుళాల దవడ, 6వ నంబరుది 6 అంగుళాలు. వడ్రంగులు వాడే 52వ నంబరు 7 అంగుళాలది. రికార్డ్ అనే పేరు తర్వాత ఇర్విన్ కంపెనీ చేతికి వెళ్లింది. 1941లో షికాగోలో మొదలైన విల్టన్ కంపెనీ వైసుల్లో, కదిలే దవడ కింద ఉండే గైడ్ కీ మీద తేదీ గుద్ది ఉంటుంది. దాన్నిబట్టి వైసు వయసు తెలుస్తుంది. మన దగ్గర కనిపించే వైసుల్లో జలంధర్, లుధియానా వైపు తయారైనవి ఎక్కువ. వాటిలో కొన్నింటి మీద ఏ పేరూ ఉండదు. అలాంటి వాటికి కొలతే చిరునామా. రెండూ 4 అంగుళాల వైసులే అయినా ఒక కంపెనీ జా ప్లేట్ ఇంకో కంపెనీ దానికి సరిపోతుందన్న భరోసా లేదు. తేడా దాదాపు ఎప్పుడూ స్క్రూ రంధ్రాల దగ్గరే వస్తుంది.

అందుకే జా ప్లేట్ కొనేముందు పొడవు, ఎత్తు, మందంతో పాటు రెండు రంధ్రాల నడిమధ్యల దూరం తప్పక రాసుకోవాలి. రంధ్రాల లోపలి అంచుల మధ్య కాలిపర్స్‌తో కొలిచి, దానికి ఒక రంధ్రం వ్యాసాన్ని కలిపితే ఆ దూరం ఖచ్చితంగా వస్తుంది. స్క్రూల విషయంలో ఇంకో చిక్కుంది. పాత బ్రిటిష్ వైసుల్లోవి విట్‌వర్త్ మరలు. పంటి కోణం 55 డిగ్రీలు. మెట్రిక్, అమెరికన్ మరలకు 60 డిగ్రీలు. పావు అంగుళం, 3/8 అంగుళం సైజుల్లో విట్‌వర్త్‌కూ అమెరికన్ ముతక మరకూ అంగుళానికి వచ్చే చుట్లు సమానమే కాబట్టి ఒకటి ఇంకోదాంట్లో ఎక్కేస్తుంది, కానీ పట్టు సరిగా కుదరదు. అర అంగుళం దగ్గర ఒకటి 12 చుట్లు, ఇంకోటి 13. అక్కడ బలవంతం చేస్తే పోత ఇనుములోని మరే పోతుంది. కొన్ని పాత అమెరికన్ వైసుల్లో జా ప్లేట్లకు స్క్రూలే ఉండవు, పిన్నులు దిగ్గొట్టి ఉంటాయి.

సరిపోయే ప్లేట్ దొరక్కపోతే లారీ కమాను పట్టీ ముక్క మంచి సరుకు. దాన్ని ఎర్రగా కాల్చి, బూడిదలో కప్పి నెమ్మదిగా చల్లారనిస్తే మెత్తబడుతుంది. వంపు తీసి, కోసి, రంధ్రాలు వేసి, ముఖం మీద అడ్డగీతలు కొట్టాక మళ్లీ కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది. అంతటితో వదిలేస్తే పెళుసుగా ఉంటుంది కనుక కొద్దిగా వేడిచేసి టెంపరింగ్ చేయాలి. అల్యూమినియం, ఇత్తడి పనిముక్కలే ఎక్కువగా పట్టేవారికి గీతలు లేని నున్నటి ప్లేట్లే మేలు.

స్పిండిల్, నట్టు పని ఖరీదైంది, ఓపికతో చేయించాల్సింది కూడా. పిచ్ కొలవడంలో తప్పు జరిగితే డబ్బంతా వృథా. అంగుళానికి 5 చుట్ల మరకు పిచ్ 5.08 మిల్లీమీటర్లు, మెట్రిక్ మరకైతే సరిగ్గా 5. ఒక్క చుట్టు కొలిస్తే ఈ తేడా కంటికి ఆనదు. పది చుట్లు కలిపి కొలిస్తే 50.8 వచ్చిందో 50 వచ్చిందో తెలిసిపోతుంది. తప్పు పిచ్‌తో చేసిన స్పిండిల్ నట్టులో కొన్ని చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. కొలత కూడా తక్కువ అరిగిన చోటే తీసుకోవాలి. నట్టు ఎక్కువగా తిరిగే భాగంలో పళ్లు సన్నబడి ఉంటాయి.

స్పిండిల్‌కు ఈఎన్8 ఉక్కు సరిపోతుంది. నట్టు దానికంటే మెత్తటి లోహంతో ఉండాలి. అప్పుడు అరుగుదల మార్చడానికి తేలికైన భాగం మీద పడుతుంది. నట్టు లోపల స్క్వేర్ థ్రెడ్ కోయడం అందరు టర్నర్లకూ చేతనయ్యే పని కాదు. అందుకే రెండూ ఒకే షాపులో, ఒకదానికొకటి సరిచూసుకుంటూ చేయించడం మంచిది. బాక్స్ నట్ పోత బాగుంటే కొత్తది అక్కర్లేదు: పాతదాన్నే బోరు చేసి, లోపల మర కోసిన గన్‌మెటల్ బుష్ దిగ్గొట్టి, అది తిరగకుండా గ్రబ్ స్క్రూ వేస్తారు. హైదరాబాద్ బాలానగర్, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల లేత్ షాపులకు కొదవ లేదు.

క్విక్ రిలీజ్ వైసుల దారి వేరు. వాటిలో పూర్తి నట్టు బదులు స్ప్రింగ్ మీద లేచి దిగే సగం నట్టు ఉంటుంది. బిగించేటప్పుడు అది టక్కుమని జారుతుంటే మొదట మరలో చిక్కుకున్న రజను తీసేసి, స్ప్రింగ్ మార్చి చూడాలి. సగం నట్టే అరిగిపోతే కంపెనీ భాగం కోసమో, అదే మోడల్ పాత వైసు కోసమో వెతకడం చేయించడం కన్నా సులువు.

హ్యాండిల్ మెత్తటి ఉక్కు కడ్డీ. అతిగా బలం పడితే అది ముందే వంగి వైసు ఒంటిని కాపాడాలి. దాని స్థానంలో గట్టి ఉక్కు కడ్డీ వేయడం, పైపు తొడిగి తిప్పడం రెండూ పోతకు చేటు.

పోత ఇనుమే పగిలితే దాన్ని ముందుగా వేడిచేసి నికెల్ ఎలక్ట్రోడ్‌తో వెల్డింగ్ చేస్తారు, లేదా ఇత్తడితో బ్రేజింగ్ చేస్తారు. బేస్ చెవిలాంటి చోట అది నిలుస్తుంది. దవడ మెడ దగ్గరో, నట్టు కూర్చునే చోటో పగిలిన వైసును మళ్లీ సుత్తి పనికి నమ్మకూడదు. దాని జా ప్లేట్లు, స్పిండిల్, స్ప్రింగ్, బోల్టులు విప్పి, నూనె రాసి, కంపెనీ పేరు, నంబరు రాసిన చీటీ కట్టి దాచితే అదే మోడల్ ఇంకో వైసుకు పనికొస్తాయి.