బాకా మూగబోతే ముందు ఫ్యూజు మార్చకండి!

ధనుర్మాసం మొదలైతే చాలు, మా కొత్తపేటలో యాంప్లిఫయర్లు బాగుచేసేవాళ్లకి నిద్ర ఉండదు. తెల్లవారుజామున గుళ్లో తిరుప్పావై, ఆ వెనకే సంక్రాంతి, ఊళ్లో ప్రభల ఉత్సవం, కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల తీర్థం. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పెరేడ్‌కి మన రాష్ట్రం శకటంగా వెళ్లింది ఈ ప్రభల తీర్థమే. ప్రభ అందరికీ కనపడుతుంది. మైకు సెట్టు మాత్రం ఆగిపోయినప్పుడే గుర్తొస్తుంది. సెట్టు అద్దెకిచ్చే కుర్రాడికి ఏడాది సంపాదనలో పెద్ద ముక్క ఈ రోజుల్లోనే. పండగ మధ్యలో పెట్టె కాలితే అడ్వాన్సు వెనక్కివ్వాలి, వచ్చే ఏడాది బేరం కూడా ఇంకొకడికి పోతుంది.

నా బల్ల మీదకి వచ్చే పెట్టెల్లో సగం ఒకే మాటతో వస్తాయి: ‘‘ఏవండీ, ఫ్యూజు వేస్తుంటే టప్పున ఎగిరిపోతోందండి.’’ ఆ మాట వెనక చెప్పనిది ఇంకోటి ఉంటుంది. మూడో ఫ్యూజు కూడా పోయాక రాగి తీగ చుట్టేసి ఉంటారు. అసలు ఫ్యూజు పోవడం జబ్బు కాదండీ, జబ్బు ఉందని చెప్పడం. లోపల అవుట్‌పుట్ ట్రాన్సిస్టరు ఒకటి షార్టయి ఉంటుంది. లావు తీగ వేస్తే ఆ కరెంటు డ్రైవర్ ట్రాన్సిస్టర్లనీ, తెల్లటి సిమెంటు రెసిస్టర్లనీ, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మర్‌నీ కాల్చుకుంటూ పోతుంది. ఒక్క ట్రాన్సిస్టరుతో తేలే పని సగం బోర్డుకి పాకుతుంది.

అందుకే నేను ఏ పెట్టెనీ తిన్నగా ప్లగ్గులో పెట్టను. వంద వాట్ల పాత ఫిలమెంటు బల్బుని సిరీస్‌లో కలిపి అప్పుడు స్విచ్ వేస్తాను. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే పెద్ద షార్టు లేనట్టే. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టుంది. కరెంటు అంతా బల్బు తాగేస్తుంది కాబట్టి పెట్టెకి కొత్తగా దెబ్బ తగలదు. ఎల్‌ఈడీ బల్బుతో ఈ పని జరగదు. చిత్రమేమిటంటే ఇప్పుడు ట్రాన్సిస్టర్ల కంటే ఆ ఫిలమెంటు బల్బు దొరకడమే కష్టమవుతోంది. ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే పారేయకండి, నాకివ్వండి!

ఇక అసలు తలనొప్పి పార్టులు. ఈ రోజుల్లో పెద్ద పెట్టెల్లో ఎక్కువగా కనపడే జంట 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943. తోషిబావాళ్లు చేసిన జోడీ ఇది. 230 వోల్టులు, 15 ఆంపియర్లు, 150 వాట్లు తట్టుకోగలవని లెక్క. అంత పేరున్న సరుకుకి నకిలీ రాకుండా ఉంటుందా? పైన పేరు అదే, అక్షరాలు అవే, ధర మాత్రం సగానికి సగం. మీటరు పెట్టి చూస్తే ‘బాగుంది’ అనే చూపిస్తుంది. చిన్న సౌండులో పాట కూడా పాడుతుంది. ఊరేగింపు మొదలై వాల్యూము పెంచాక పావుగంటలో పోతుంది.

పోయినదాన్ని పారేయకుండా సుత్తితో పగలగొట్టి చూస్తే గుట్టు తెలుస్తుంది. అసలుదాంట్లో సిలికాన్ ముక్క కందిపప్పు బద్దంత ఉంటే, నకిలీదాంట్లో నువ్వుగింజంత. ఆ చిన్న ముక్క 150 వాట్ల వేడిని ఎక్కడ మోస్తుంది? పగలగొట్టకుండా పోల్చాలంటే గుడ్డని థిన్నర్‌లో ముంచి అక్షరాల మీద రుద్దండి. చెరిగిపోతే అనుమానించండి. చెరగకపోయినా పూర్తిగా నమ్మకండి, ఇప్పుడు నకిలీలు కూడా లేజర్‌తో చెక్కుతున్నారు. తోషిబాలోనే తర్వాత వచ్చిన టీటీసీ5200, టీటీఏ1943 జంట కూడా వాడుకోవచ్చు.

ఇంతకు ముందు పార్టు కావాలంటే రావులపాలెం వెళ్లి రాజమండ్రి బస్సెక్కడమే. అక్కడ లేకపోతే హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీ, ఇంకా కాదంటే చెన్నై రిచీ స్ట్రీట్. ఇప్పుడు ఫోన్లో నొక్కితే కొరియర్లో వస్తుంది గానీ, వచ్చేదాకా ఏమొస్తుందో తెలియదు. నాకైతే తుక్కు కొట్లో పడున్న పాత పెట్టెలే నిధి. వాటి ట్రాన్స్‌ఫార్మరు పోయి ఉండొచ్చు, ట్రాన్సిస్టర్లు మాత్రం నిఖార్సైనవి. సాన్యో ఎస్‌టీకే ఐసీల సంగతీ అంతే. ఆ సెమీకండక్టర్ విభాగాన్ని 2011లో అమెరికా కంపెనీ ఆన్ సెమీకండక్టర్ కొనేసింది. బజార్లో ‘కొత్త’ ఎస్‌టీకే అని ఇస్తే నేను వెయ్యను. దాని బదులు ట్రాన్సిస్టర్ల బోర్డు పెట్టుకోమంటాను.

బదులు వెయ్యడంలోనూ ఒక లెక్కుంది. లోహపు టోపీ లాంటి 2ఎన్3055 ఉన్నచోట 2ఎన్3773 సాధారణంగా నడుస్తుంది. తిరగేసి చేస్తే పోతుంది. 3055 తట్టుకునేది 60 వోల్టులే, 3773కి 140. సప్లై అటు 45, ఇటు 45 ఉందంటే నిండు సౌండులో ఒక్కో ట్రాన్సిస్టరు దాదాపు 90 వోల్టులు చూస్తుంది. 60దాన్ని అక్కడ కూర్చోబెడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? కింద వేసే మైకా రేకు చిరిగిందేమో చూడాలి, తెల్ల పేస్టు పల్చగా రాయాలి. వెన్న రాసినట్టు రాస్తే వేడి దిగదు.

పార్టు కొత్తదేసినా మళ్లీ మళ్లీ పోతోందంటే పెట్టె వెనక్కి తిప్పి వైర్లు చూడండి. నాలుగు పదహారు ఓముల బాకాలు పక్కపక్కనే కలిపితే మొత్తం నాలుగు ఓములు. వాటిని 16 అని రాసిన స్క్రూకి బిగిస్తే పెట్టె పని అయిపోయినట్టే. 100 వోల్టుల లైనులో ఓములు కాదు, వాట్లు కూడాలి. ముప్ఫై వాట్లవి నాలుగు తగిలిస్తే 120. వంద వాట్ల పెట్టె అది మొయ్యలేదు. కంపెనీదీ, ట్రాన్సిస్టరుదీ ఏ తప్పూ లేదిక్కడ.

గుయ్‌మని హమ్మింగు వస్తే చాలామంది ఒక పని చేస్తారు. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్లగ్గులో ఎర్తు పిన్ను పీకేస్తారు. హమ్ము తగ్గుతుంది, నిజమే. కానీ లోపల ఎక్కడైనా లీకేజీ వస్తే 230 వోల్టులు పెట్టె రేకుకీ, అక్కణ్నుంచి మైకు గొట్టానికీ పాకుతాయి. మంచుకి తడిసిన నేల మీద చెప్పులు లేకుండా నిలబడి మైకు పట్టుకునేది భజన పాడే ముసలాయనో, పాట పాడే పిల్లో. ఎర్తు పీకిన పెట్టె నా దగ్గరకొస్తే ముందు పిన్ను వేశాకే మిగతా రిపేరు. ఒప్పుకోకపోతే పట్టుకెళ్లిపొమ్మంటాను. హమ్ముకి మందు వేరే ఉంది. సప్లై కెపాసిటర్లు ఎండిపోయాయేమో చూడాలి. ఉబ్బినవీ, కింద జిడ్డు కారినవీ మార్చాలి. 85 డిగ్రీలవి కాకుండా 105 డిగ్రీలవి వేస్తే మన ఎండలకి ఎక్కువ కాలం ఉంటాయి. అయినా పోకపోతే మిక్సరుకీ పెట్టెకీ మధ్య ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకోవాలి.

సెట్లు నడిపే కుర్రాళ్లకి నేను చెప్పేదొకటే. పెట్టెలు కార్తీకం దాటగానే తీసుకురండి. భోగి ముందురోజు తెస్తే నేను కాదనలేను, కానీ అప్పుడు బజార్లో ఏది దొరికితే అదే వెయ్యాలి. మొన్న ఒకాయన తెచ్చిన పెట్టె మూత తీస్తే చీమల పుట్ట, రెండు బల్లి గుడ్లు. ‘‘సౌండు తగ్గిందండి’’ అన్నాడాయన. మెత్తటి బ్రష్షుతో దులిపి, స్పీకర్ కాంటాక్టులు తుడిచి, కంట్రోళ్లలో క్లీనరు కొట్టి ఇచ్చాను. పార్టు ఒక్కటి కూడా మార్చలేదు. ‘‘ఏమీ వెయ్యకుండానే రెండొందలా?’’ అని ఇప్పటికీ సణుగుతున్నాడు.