కొబ్బరినూనె: ఒంటికి ఎంత? వంటకు ఎంత?

తెలుగువారి ఇంట కొబ్బరినూనె సీసా అద్దం దగ్గర ఉంటుంది. మలయాళీల ఇంట అది పొయ్యి దగ్గర ఉంటుంది. కోనసీమ కొబ్బరితోటల నీడలో పెరిగినవారిలో సైతం ఎక్కువమంది ఆ నూనెను తలకు రాసుకుంటారే గాని, తాలింపునకు వేరుశనగ నూనెనో, నువ్వుల నూనెనో వాడుతారు. కేరళలోనైతే అవియల్ మీద పచ్చి కొబ్బరినూనె చిలకరించనిదే వంట పూర్తి కాదు.

ఈ నూనె ద్వంద్వ జీవితం న్యాయస్థానం దాకా వెళ్ళింది. చిన్న సీసాలలో అమ్మే శుద్ధమైన కొబ్బరినూనె వంటనూనెయా, కేశతైలమా అనే పన్ను వివాదం ఏళ్ళ తరబడి నడిచింది. కేశతైలమని పేర్కొని అమ్మితే తప్ప, సీసా చిన్నదైనంత మాత్రాన అది వంటనూనె కాకుండా పోదని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో తీర్పు చెప్పింది.

పన్ను సంగతి తేలినా, ఆరోగ్యం సంగతిలో వాదం ఆగలేదు. 2018లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒక ఆచార్యురాలు జర్మనీలో ఉపన్యసిస్తూ కొబ్బరినూనెను విషంతో పోల్చారు. దానికి భారత ప్రభుత్వ ఉద్యాన కమిషనర్ అభ్యంతరం తెలిపారు. మరొకవైపు ఇదే నూనె బరువు తగ్గిస్తుందనీ, మతిమరపును మాన్పుతుందనీ చెప్పేవారున్నారు. విషమూ కాదు, అమృతమూ కాదనుకుంటే, మరి ఇది ఏమిటి?

గడ్డకట్టే గుణం

చలికాలపు ఉదయాన నూనె సీసాను ఎండలో పెట్టడం మన ఇండ్లలో మామూలే. సుమారు 24 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన కొబ్బరినూనె గడ్డకడుతుంది. అందులోని కొవ్వులో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వు కావడమే ఇందుకు కారణం. నేతిలో ఇది సుమారు 60 శాతం. వేరుశనగ నూనెలో 20 శాతానికి మించదు. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాలలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే.

సంతృప్త కొవ్వు మనకు రోజువారీ ఆహారశక్తిలో 10 శాతానికి మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. రోజుకు 2000 కేలరీల ఆహారం తీసుకునే వ్యక్తికి ఇది సుమారు 22 గ్రాములు. ఒక పెద్ద చెంచాడు కొబ్బరినూనెలోనే 12 గ్రాముల వరకు ఉంటుంది. అనగా ఆ ఒక్క చెంచాతోనే సగానికి పైగా వాటా తీరిపోతుంది. పాలు, పెరుగు, నెయ్యి, మాంసం ఇంకా మిగిలే ఉన్నాయి.

గుండె మాటేమిటి?

2020లో శాస్త్రజ్ఞులు 16 ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. పొద్దుతిరుగుడు వంటి నూనెలతో పోలిస్తే, కొబ్బరినూనె వాడినవారిలో చెడు కొలెస్టరాల్‌గా పిలిచే ఎల్.డి.ఎల్. సగటున డెసిలీటరుకు 10 మిల్లీగ్రాములు పెరిగింది. మంచిదనబడే హెచ్.డి.ఎల్. సైతం 4 మిల్లీగ్రాములు పెరిగింది గాని, ఆ పెరుగుదల గుండెను కాపాడుతుందనే భరోసా లేదు.

కొచ్చిలో 200 మంది గుండెజబ్బు రోగులపై జరిగి 2016లో ప్రకటితమైన పరిశోధనలో మాత్రం, రెండేళ్ళపాటు కొబ్బరినూనె వాడినవారికీ పొద్దుతిరుగుడు నూనె వాడినవారికీ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. అయితే వారందరూ వైద్యుల పర్యవేక్షణలో చికిత్స పొందుతున్నవారని మరువరాదు.

పసిఫిక్ మహాసముద్రంలోని పుకాపుకా, టోకెలావు ద్వీపవాసుల ఉదాహరణ కూడ తరచు వినబడుతుంది. 1981లో ప్రకటితమైన అధ్యయనం ప్రకారం, టోకెలావు ప్రజల ఆహారశక్తిలో 60 శాతానికి పైగా కొబ్బరి నుండే లభించేది. అయినా వారిలో రక్తనాళాల జబ్బులు అరుదు. కాని వారు తిన్నది ముఖ్యంగా పీచుతో కూడిన కొబ్బరి. దానికి తోడు చేపలు. సీసాలోని నూనెతో వేయించిన అప్పడాలూ వడలూ కావు.

బరువు తగ్గుతారనే ప్రచారానికి మూలం వేరే నూనె. కాప్రిలిక్, కాప్రిక్ ఆమ్లాలను వేరుచేసి తీసిన ప్రత్యేక నూనెతో ఆ ప్రయోగాలు జరిగాయి. కొబ్బరినూనెలో ఆ రెండూ కలిపి సుమారు ఏడో వంతు మాత్రమే.

తలకూ చర్మానికీ

పైపూతగా కొబ్బరినూనెకు ఉన్న కీర్తి చాలవరకు న్యాయమైనదే. వెంట్రుకలలోని మాంసకృత్తులు తలస్నానంలో నష్టపోకుండా ఇది కాపాడుతుందని, పొద్దుతిరుగుడు నూనె, ఖనిజ తైలాలు అంతగా పనిచేయలేదని 2003లో ప్రకటితమైన పరిశోధన తెలిపింది. దీని అణువులు చిన్నవి, తిన్ననివి కావడంతో వెంట్రుక లోనికి చొచ్చుకుపోగలవు. పొడిబారిన చర్మంలో తేమను నిలపడానికీ ఇది ఉపకరిస్తుంది. అయితే మొటిమలున్న ముఖానికి మంచిది కాదు. చుండ్రు ఎక్కువగా ఉన్నవారికి నూనె మేలుకంటె కీడే చేయవచ్చును. చుండ్రుకు తోడ్పడే శిలీంధ్రానికి కొవ్వే ఆహారం.

కాలిన గాయం మీద వెంటనే నూనె పూయడం తప్పు. నూనె వేడిని లోపలే నిలుపుతుంది. ముందుగా ఇరవై నిమిషాలపాటు చల్లని నీటిధార కింద ఉంచడమే సరియైన ప్రథమ చికిత్స.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం పసిబిడ్డలకు. స్నానం చేయించేటప్పుడు ముక్కులో నూనె చుక్కలు వేయడం, ఏడుస్తున్న బిడ్డ నోట్లో బలవంతంగా నూనె పోయడం కొన్ని కుటుంబాలలో ఇంకా ఉన్నాయి. ఆ నూనె దగ్గు పుట్టించకుండానే ఊపిరితిత్తులలోకి జారిపోగలదు. దానివల్ల వచ్చే న్యుమోనియా తొందరగా లొంగదు, ప్రాణాపాయమూ కలగవచ్చును. ఒంటికి మృదువుగా మర్దన చేయవచ్చును. ముక్కులో, చెవిలో, నోటిలో మాత్రం ఒక్క చుక్క కూడ వేయరాదు.

కొనేటప్పుడు

సరిగా ఎండని కొబ్బరికి బూజు పట్టినప్పుడు అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం పుట్టవచ్చును. కనుక ముక్క వాసన వచ్చే నూనెను, ధర అనుమానాస్పదంగా తక్కువగా ఉన్న నూనెను వదిలివేయడం మంచిది. గాజు గ్లాసులో పోసి గంటన్నర ఫ్రిజ్‌లో ఉంచితే శుద్ధమైన నూనె పూర్తిగా గడ్డకడుతుంది. చాలా ఇతర నూనెలు వేరు పొరగా మిగులుతాయి. పామ్ కెర్నెల్ నూనె కూడ గడ్డకట్టేదే కనుక దాని కల్తీని ఈ పరీక్ష పట్టలేదు.

వంటలో వాడదలచినవారు దీనిని ఇతర నూనెలకు అదనంగా గాక, వాటికి బదులుగా, కొద్దిగా వాడాలి. ఒకసారి పొగలు వచ్చేలా కాచిన నూనెను మళ్ళీ కాచరాదు. గుండెజబ్బు, మధుమేహం, అధిక కొలెస్టరాల్ ఉన్నవారు వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. తలకు రాసుకోవడానికి మాత్రం, చుండ్రు లేనివారు ఎవరినీ అడగనక్కరలేదు.