కుక్కకు దురద: మందు కంటే ముందు కారణం



రంగూన్ నగరానికి ఎదురుగా, నదికి అవతలి ఒడ్డున ఉన్న ఊరు దలా. మన కోరంగి కూలీలు రంగూన్ రేవుకు వచ్చిన రోజుల నుంచీ ఈ నది తెలుగువాళ్ళకు తెలిసినదే. ఇక్కడ మే నెలలో మొదలైన వాన అక్టోబరు దాకా వదలదు. ఆ వేడికి, తేమకు పిడుదులు, బూజు బాగా పెరుగుతాయి. పెంపుడు కుక్కలు వీధి కుక్కలతో కలిసి తిరుగుతాయి. అందుకే కుక్కల ఒంటి మీద దద్దుర్లు, పుండ్లు తరచుగా కనిపిస్తాయి.

నాది ఐటీ కన్సల్టెంటు పని, పశువైద్యం కాదు. అయితే మా పనిలో ఒక నియమం ఉంది: తప్పు ఎక్కడుందో తెలియకుండా ప్రోగ్రాము మార్చకూడదు. కుక్క దురదకూ అదే వర్తిస్తుంది. దద్దురు ఒక గుర్తు మాత్రమే, జబ్బు వేరే ఉంటుంది.

ఎక్కడ గోక్కుంటోందో చూడండి. తోక మొదట్లో, నడుము మీద అయితే ఫ్లీలనే గెంతే చిన్న పురుగులు కారణం కావచ్చు. వాటి లాలాజలం పడని కుక్కకు కొద్ది కాట్లు చాలు. చెవి అంచులు, మోచేతులు, పొట్ట దగ్గర విపరీతమైన దురద ఉంటే గజ్జి అని అనుమానించాలి. ఇది మనుషులకూ అంటుతుంది. గుండ్రంగా వెంట్రుకలు ఊడితే తామర కావచ్చు. అదీ పిల్లలకు అంటుతుంది. కుక్కపిల్లకు దురద పెద్దగా లేకుండా ముఖం మీద, కాళ్ళ మీద వెంట్రుకలు రాలితే డెమోడెక్స్ అనే పురుగు కారణం కావచ్చు. అది మనకు అంటదు. చెవుల్లో, వేళ్ళ సందుల్లో జిడ్డు, వాసన ఉంటే ఈస్ట్ లేదా బాక్టీరియా చేరినట్టు. తిండి పడకపోయినా దురద వస్తుంది. అది తేల్చడానికి డాక్టరు చెప్పిన ఒకే ఆహారం కనీసం 8 వారాలు పెట్టాలి.

డాక్టరు చర్మాన్ని కొద్దిగా గీకి మైక్రోస్కోపులో చూస్తే పురుగు దొరకవచ్చు. గజ్జి పురుగు చాలాసార్లు దొరకదు కూడా. అందుకే గజ్జి అనుమానం బలంగా ఉంటే పరీక్షలో కనిపించకపోయినా మందు మొదలుపెడతారు. ఫ్లూరలానర్, అఫోక్సోలానర్ వంటి మాత్రలు ఫ్లీలకు, పిడుదులకు, గజ్జికి బాగా పనిచేస్తాయి. వీటివల్ల కొన్ని కుక్కలకు మూర్ఛ రావచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. మీ కుక్కకు మూర్ఛ ఉంటే ముందే చెప్పండి. గజ్జి అయితే ఇంట్లోని కుక్కలన్నిటికీ ఒకేసారి మందు వెయ్యాలి, పడక బట్టలు వేడినీళ్ళలో ఉతకాలి. చీముపొక్కులకు క్లోర్‌హెక్సిడిన్ షాంపూ పట్టించి, 10 నిమిషాలు ఉంచి కడగాలి. తరువాత ఒళ్ళు పూర్తిగా ఆరబెట్టాలి. వానాకాలంలో ఇది మరీ ముఖ్యం.

వేపాకు నీళ్ళు పోస్తే చాలదా అంటారు. చర్మం లోపల తొలిచే పురుగుకు అవి చాలవు. కాలిన ఇంజన్ ఆయిలు, కిరోసిన్ అసలు పూయకండి. కుక్క నాకుతుంది, విషం లోపలికి పోతుంది. మనం వాడే స్టెరాయిడ్ క్రీములు, ఐబుప్రొఫెన్ మాత్రలు వద్దు. ఐవర్‌మెక్టిన్ కొన్ని కోలీ జాతి కుక్కల ప్రాణం తీయగలదు. పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు పిల్లికి తగలనివ్వకండి.

ముఖం వాచినా, ఊపిరి కష్టమైనా, తిండి మానేసినా ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. ఇంట్లో పిల్లలకు కూడా దురద మొదలైతే వాళ్ళను మీ డాక్టరుకు చూపించి, కుక్క సంగతి తప్పక చెప్పండి.