వార్తల్లో పదం: ఫోర్ బై ఫోర్

ఇంజిన్ శక్తి వాహనపు నాలుగు చక్రాలకూ అందే ఏర్పాటును ‘ఫోర్ బై ఫోర్’ అంటారు. ఇందులో మొదటి అంకె మొత్తం చక్రాలను, రెండోది శక్తి అందుకునే చక్రాలను సూచిస్తుంది. 2020 అక్టోబరు 2న విడుదలైన రెండో తరం మహీంద్రా థార్ మొదట ఈ ఏర్పాటుతోనే రాగా, 2023 జనవరిలో వెనుక చక్రాలకు మాత్రమే శక్తినిచ్చే, ధర తక్కువైన రకం తోడవడంతో ఏది కొనాలన్న మీమాంస మొదలైంది.

గేర్‌బాక్సు నుంచి వచ్చే శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే భాగం ‘ట్రాన్స్‌ఫర్ కేస్’. గేరు రాడ్డు పక్కనున్న చిన్న లివరును ‘ఫోర్ లో’కు మారిస్తే వేగం తగ్గి, చక్రాలను తిప్పే బలం పెరుగుతుంది కాబట్టి బండి రాళ్ల ఎత్తును మెల్లగా ఎక్కగలుగుతుంది. అయితే మలుపులో ముందు చక్రాలు వెనుకవాటికన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి గనుక, ఆ తేడాను సర్దే మధ్య డిఫరెన్షియల్ లేని ఇలాంటి బండిని పొడి తారురోడ్డుపై నాలుగు చక్రాల స్థితిలో నడిపితే గేర్లపై ఒత్తిడి పడి, టైర్లు త్వరగా అరుగుతాయి.

ఆకృతి విషయంలో, మడిచే గుడ్డ పైకప్పు ఆరుబయలు అనుభూతినిస్తే, గట్టి పైకప్పు దుమ్మును, చప్పుడును అడ్డుకుంటుంది. వెనుక చక్రాల రకం తొలుత గట్టి పైకప్పుతోనే లభించింది. ఏదేమైనా నాలుగు చక్రాల శక్తి అక్కరకొచ్చేది తారురోడ్డు దాటినప్పుడే కాబట్టి, ఏటా ఎన్ని రోజులు అలా వెళ్తారన్న లెక్కే ఈ రెండు రకాల మధ్య ఎంపికలో ముందు వేసుకోవలసింది.